ఆటలో పోలిక, ఆటలో సత్యము

మనుష్యుడు ఆడుకొనుట యెప్పుడు నేర్చెనో చెప్పజాలము గాని, అనుకరించుట మాత్రము ఆనాడే నేర్చియుండును. చీపురుపుల్ల చేతబట్టి పిల్లవాడు రాజగును; కఱ్ఱముక్కపై నెక్కి రౌతగును; నాలుగు గులకరాళ్లు పేర్చి చిన్నపిల్ల సంసారము సాగించును. ఆ కఱ్ఱ గుఱ్ఱమును పోలియుండలేదని యే పిల్లవాడును విచారింపలేదు. పోలిక లేకున్నను ఆట సాగినది. కాని పెద్దల లోకములో ఒక కోరిక క్రమముగా పెరుగుచు వచ్చినది. ఆట నిజమువలె నుండవలెను. నిరుటికంటె ఈ యేడు మఱింత నిజమువలె నుండవలెను. ఈ కోరికయొక్క మంచిచెడ్డలను విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. నిజమువలె నుండుట వేఱు, నిజమగుట వేఱు. ఈ భేదమును మఱచినవాడు ఆటలో మోసపోవును, బ్రతుకులోను మోసపోవును.

ఈ విచారమునకు నేటి కాలము ఒక చక్కని ఉదాహరణమును మన యిండ్లలోనికే తెచ్చియున్నది. చదువులకును ఉద్యోగములకును అమెరికా చేరిన తెలుగు కుటుంబముల పిల్లలలో పలువురు, ఇక్కడి పిల్లలు క్రికెట్టును ప్రేమించునట్లు, అక్కడి బేస్‌బాల్ ఆటను ప్రేమింతురు. మైదానములో ఆడని వేళ దానినే తెఱపై ఆడుదురు. వేసవి సెలవులకు తాత ఇంటికి వచ్చినపుడు ఆ ముచ్చటలే చెప్పుదురు. ‘ఎం.ఎల్.బి. ది షో’ అను వీడియో ఆట ఆ పేరుతో 2006లో మొదటిసారి వెలువడెను. సోనీ సంస్థకు చెందిన శాన్ డియేగో స్టూడియో దానిని తయారుచేయుచున్నది. అది మొదలు యేటేట, అమెరికాలో బేస్‌బాల్ ఋతువు ఆరంభమగు వసంతకాలమున, మనకు ఉగాదినాటికి క్రొత్త పంచాంగము వచ్చినట్లు, క్రొత్త ఆట యొకటి వచ్చుచుండెను. 2020 వఱకు ప్లేస్టేషన్ యంత్రములకే పరిమితమై యుండిన ఆ ఆట 2021లో ఎక్స్‌బాక్సునకును, 2022లో నింటెండో స్విచ్చునకును వ్యాపించినది.

క్రికెట్టు తెలిసిన మనకు బేస్‌బాలును వివరించుట కష్టము కాదు. ఒకడు బంతి విసరును, ఒకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు నాలుగు మజిలీలను చుట్టి మొదటి తావునకు చేరినచో ఒక పరుగు. విసరు తావునకును కొట్టు తావునకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. గంటకు 95 మైళ్ల వేగముతో వచ్చు బంతి అర సెకను గడవకముందే కొట్టువానిని చేరును. చూచుటకు, నిర్ణయించుటకు, కఱ్ఱ విసరుటకు వానికున్న అవకాశము అంతే. అందుచేతనే పది అవకాశములలో మూడింట సక్రమముగా కొట్టగలిగినవానిని ఆ దేశమున మేటి అందురు. అనగా ఎంత గొప్పవానికైనను ఏడుసార్లు వైఫల్యము తప్పదు. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ఏటేట వచ్చు ఆ ఆటలో ఏటేట కొన్ని క్రొత్త సొంపులు చేరుచుండును. 2021లో ఆడువాడు తన యిష్టము వచ్చినట్లు క్రీడాప్రాంగణమును కట్టుకొనుటకు వీలు కల్పించిరి. బంతి విసరుటకు చేతిలోని మీటతో గీతలు గీయు నొక సున్నితమైన పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2023లో అమెరికా మేటి జట్ల పోటీలలో బంతి విసరుటకు కాలపరిమితి విధింపబడగా, ఆ నియమము ఆ యేటి వీడియో ఆటలోనికిని వచ్చెను. 2025లో ఒక యువకుడు పాఠశాలనుండి కళాశాలకును, అక్కడనుండి పెద్ద జట్లకును ఎదుగు ప్రయాణమును చేర్చిరి. ఇవిగాక ఆటగాని నడక, నిలుకడ, చొక్కా ముడుత, సాయంకాలపు నీడ, కాలిక్రింద లేచు ధూళి మొదలగువానిని ఏడాదికేడాది మెఱుగుపెట్టుచునే యుందురు. మన చేరువలో చెన్నపట్టణముననే నెక్స్ట్‌వేవ్ అను సంస్థ ‘వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్’ అను చేతిఫోను ఆటను కల్పించి, దాని రెండవ రూపమును 2015లోను, మూడవ రూపమును 2020లోను వెలువరించినది. అక్కడను పరుగిడు తీరిదే. మునుపటికంటె మఱింత పోలిక.

ఈ పనివారి నేర్పును చులకన చేయుట న్యాయము కాదు. ఒక మనిషి బంతి విసరునపుడు భుజమెట్లు తిరుగునో, మోకాలెట్లు వంగునో గమనించి దానిని తెఱపైకి తెచ్చుటకు శిల్పికి కావలసిన ఓర్పే కావలెను. ప్రశ్న వారి నేర్పును గూర్చినది కాదు. ఆ నేర్పు మనకేమి చేకూర్చుచున్నదని ప్రశ్న.

ఇట్టి ఆటలను గూర్చి మన యిండ్లలో రెండు మాటలు వినబడుచుండును. “అదంతయు మాయ. కన్నులు చెడును, కాలము చెడును” అని పెద్దలు. “లేదు తాతా, ఇది అచ్చము నిజమువలెనే యుండును, మైదానములో ఆడినట్లే” అని పిల్లలు. ఈ రెండు మాటలును ఎదురెదురుగా కానవచ్చినను వానికి మూలమొక్కటే. ఇరువురును సత్యము పోలికలో నున్నదనియే తలంచుచున్నారు. పోలిక బొమ్మలోనిదే గనుక అసత్యమని పెద్దలందురు; పోలిక నిండినది గనుక సత్యమని పిల్లలందురు. సత్యమును పోలికతో కొలువవచ్చునా అని ఎవరును అడుగరు.

మన పూర్వులు ఈ చిక్కును ఎఱుగకపోలేదు. భరతుని నాట్యశాస్త్రమును వ్యాఖ్యానించినవారిలో శ్రీశంకుకుడు ఒకడు. అతని గ్రంథము మనకు దక్కలేదు గాని, క్రీ. శ. 1000 ప్రాంతమున కాశ్మీరమున నుండిన అభినవగుప్తుడు తన అభినవభారతిలో అతని మతమును వివరించి ఖండించుటచేత అది మనకు తెలియుచున్నది. నటుడు రాముని వేషమున రంగస్థలమునకు వచ్చినపుడు ప్రేక్షకునికి కలుగు జ్ఞానమెట్టిది? ఇతడే రాముడన్న నిశ్చయము కాదు. ఇతడు రాముడు కాడన్న నిషేధము కాదు. రాముడో కాదో అన్న సంశయము కాదు. రాముని వంటివాడన్న పోలికయును కాదు. చిత్రములోని గుఱ్ఱమును చూచి గుఱ్ఱమని గ్రహించునట్లు, ఆ నాలుగింటికిని వేఱైన యొక ప్రతీతి అని శంకుకుని అభిప్రాయము. దీనినే చిత్రతురగన్యాయ మందురు.

మన ఊరివారికి గుఱ్ఱముకంటె దగ్గర ఉదాహరణమొకటి కలదు. 2005లో భారత తపాలాశాఖ దేశీయములైన నాలుగు జాతుల కుక్కల బొమ్మలతో బిళ్లలను వెలువరించినపుడు, వానిలో రాజపాళయపు వేటకుక్క యొకటి. ఆ బిళ్లను చూచిన మన పిల్లవాడు ‘మన కుక్క’ అని మురియును. అది మొఱుగదని వానికి తెలియును. మొఱుగలేదని వాడు అలుగడు. అది అబద్ధమనియు అనడు. ఆ చిన్న కాగితపు ముక్కలో వానికి కనబడినది కుక్కయొక్క రూపము మాత్రమే కాదు. తన ఊరికి కలిగిన గౌరవము.

అభినవగుప్తుడు ఇంకను ముందుకు పోయెను. నాట్యము అనుకరణమే అనుటను అతడొప్పుకొనలేదు. ఇతరుల చేష్టలను అనుకరించినచో పుట్టునది నవ్వు. రసము పుట్టవలెనన్నచో ఆ కథ ఒక్క రామునిదిగా నిలువక, చూచువాని హృదయములో అందఱిదిగా మాఱవలెను. దుఃఖము రామునిదైనను కన్నీరు మనది. ఆ కన్నీటిలో అబద్ధము లేదు. అనగా కళలోని సత్యమునకు తావు రంగస్థలముపై గాక చూచువానియందే కలదన్నమాట.

మన తెలుగువారి సొంత కళలు దీనికి సాక్ష్యము పలుకును. తోలుబొమ్మలాటను తలచుకొనుడు. చర్మమును పలుచగా గీచి, రంగులద్ది, రంధ్రములు పొడిచి, పుల్లలు కట్టి, తెఱవెనుక దీపము పెట్టి ఆడింతురు. పక్కకు తిరిగిన ఆ ముఖమును, చెంపనిండిన ఆ కన్నును ఏ మనిషికిని ఎవరును చూచియుండలేదు. ఐనను ఊరంతయు తెల్లవాఱువఱకు కూర్చుండి సీతకొఱకు ఏడ్చినది. దీనికి ఎదురుకొనన సురభి నాటక సమాజము కలదు. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన ఆ కుటుంబ నాటక సంప్రదాయము, రంగస్థలముపై మాయలను కన్నులయెదుట చూపుటకు పేరుగన్నది. మనుష్యులు గాలిలో తేలుదురు, ఉన్నవారు మాయమగుదురు. ఒకటి పోలికను దాదాపు వదలివేసినది. మఱియొకటి పోలికను కొసముట్ట పట్టుకొన్నది. రెండును ప్రజల హృదయములను గెలిచినవి. కాబట్టి పోలిక తగ్గుట కళకు కీడు కాదు, పెరుగుట పాపము కాదు. గెలుపునకు కారణము వేఱొకచోట నున్నది.

1957లో తెలుగునను తమిళమునను వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమును మన యిండ్లలో చూడనివారు అరుదు. అందులో ప్రియదర్శిని అను పేటిక యొకటి వచ్చును. దానిని తెఱచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను. ఆ పేటిక లోకమును చూపుటలేదు, చూచువాని మనస్సును చూపుచున్నది. నేటి తెఱలన్నియు ఒకవిధముగా ప్రియదర్శినులే. కోరినది చూపుట వాని ధర్మము. కోరనిది కూడ చూపగలవా అన్నదే మనము వేయవలసిన ప్రశ్న.

పోలిక అణుమాత్రము లేకయే సత్యమును నిలుపుకొన్న ఆటలు మనకు కలవు. చదరంగము యుద్ధమునకు అనుకరణముగా పుట్టినది. ఏనుగు, గుఱ్ఱము, రథము, పదాతి అను నాలుగంగములు కలది గనుకనే చతురంగమైనది. నేడు ఆ బలగమంతయు వేలెడెత్తు కొయ్యముక్కలు. అందు రక్తములేదు, ధూళిలేదు, శంఖధ్వని లేదు. కాని 2024 డిసెంబరులో సింగపూరున, చెన్నపట్టణపు తెలుగింటి బిడ్డ దొమ్మరాజు గుకేశ్ తన పదునెనిమిదవ యేట చైనాదేశపు డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచవిజేతయై, బల్లయెదుట కూర్చుండి కన్నీరు పెట్టుకొన్నపుడు, ఆ ఆట నిజము కాదని ఎవరైన అనగలరా? కొయ్యముక్కలకు పోలిక లేదు. ఎత్తు వేసినపిదప వెనుకకు తీసికొనరాదన్న నియమము కలదు. ఆ నియమమే దానికి ప్రాణము.

వైకుంఠపాళియు నట్టిదే. ముక్కోటి ఏకాదశి జాగరమున గవ్వలు వేసి పిల్లలును ముదుసళ్లును ఒకే పటముచుట్టు కూర్చుందురు. ఆ నిచ్చెనలపై ఎవరును ఎక్కలేదు. ఆ పాములు ఎవరిని కఱువలేదు. కాని పైమెట్టు దాపున నోరు తెఱచుకొని యున్న పెద్దపాము నోటబడి అడుగునకు జారినపుడు పిల్లవాని ముఖము చిన్నబోవును. అపుడు అవ్వ, “మఱల వేయుము నాయనా, పడినవాడే ఎక్కును” అనును. అంతకుమించిన వేదాంతపాఠమేమి కలదు? బ్రతుకును ఏమాత్రము పోలని ఆ పటము బ్రతుకునుగూర్చి ఒక నిజమును చెప్పుచున్నది. ఒక్క పటము మూడు తరములకు చాలును. దానికి ఏటేట క్రొత్త సంచిక అక్కఱలేదు.

ఇక ముందు జ్ఞాపకముంచుకొనుడని కోరిన మాటకు వత్తము. బేస్‌బాలులో మేటియైనవాడును పదింట ఏడుసార్లు విఫలుడగును. తెఱపైని ఆటలో ధూళి నిజమువలె నున్నది, నీడ నిజమువలె నున్నది. వైఫల్యము మాత్రము ఆడువాని యిష్టముపై ఆధారపడియున్నది. కష్టమును తగ్గించుకొనుటకు మెట్లు కలవు. ఆడువాని నేర్పును కనిపెట్టి తానే సులభముగానో కఠినముగానో మాఱు ఏర్పాటును కలదు. ఇంటిలో ఒంటరిగా ఆడునపుడు, ఓడిపోవునట్లు తోచినచో ఆటను ఆపి, మఱల మొదటినుండి ఆరంభింపవచ్చును. ఇందులో నేరమేమియు లేదు; శిక్షగా ఆడు ఆట ఆట కానేరదు. కాని ఒక్కటి గమనింపవలెను. పోలిక అన్నిటను పెరుగుచు, జరిగినది జరిగిపోయినదన్న ఒక్కచోట ఆగిపోయినది. మైదానమున తప్పిన బంతి తప్పినదే. చూచుచున్న తండ్రి ముఖము, నోరు మెదపని తోడి ఆటగాడు, ఇంటికి నడచు దారి, వీనిని ఏ మీటయు చెఱపజాలదు. ఆ దారిలోనే పిల్లవాడు పెద్దవాడగును.

పోలికకు పవిత్రమైన ప్రయోజనమున్న చోటొకటి కలదు. విమానము నడుపుట నేర్చువారిని మొదట నేలమీదనే, విమానపు ముందరి గదిని అచ్చుగ్రుద్దినట్టి యంత్రములో కూర్చుండబెట్టుదురు. అక్కడ యంత్రము చెడినట్లు, గాలివాన క్రమ్మినట్లు కల్పించి వారిని ఇక్కట్లపాలు చేయుదురు. అక్కడను తప్పు చేసి మఱల మొదలుపెట్టవచ్చును. కాని ఆ పోలికంతయు వైఫల్యమును ఎదుట నిలుపుటకే యేర్పడినది. రేపు మూడువందల ప్రాణములు వాని చేతిలో నుండును గనుక నేడు వాని తప్పును దాచరు. వినోదపు ఆటలోని పోలిక తప్పును మఱపించును. శిక్షణలోని పోలిక తప్పును మేల్కొలుపును. అద్దమొకటే, ముఖము చూచుకొనుట వేఱు, ముఖముపై మచ్చను చూచుకొనుట వేఱు.

ఈ న్యాయముతో చూచినచో ఆ బేస్‌బాల్ ఆటలో వచ్చిన మాఱ్పులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది గడ్డిపోచల మెఱుగు కాదు. అమెరికాలో చిరకాలము నల్లజాతివారిని మేటి జట్లలో చేరనీయలేదు. రూబ్ ఫాస్టర్ అను ఆటగాడు 1920లో వారికొఱకు నీగ్రో నేషనల్ లీగును స్థాపించెను. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో ప్రవేశించి ఆ గోడను కూల్చెను. గొప్ప కొట్టరియైన జోష్ గిబ్సన్ అదే 1947లో, ఆ ప్రవేశమునకు కొన్ని నెలలముందు, జనవరిలో మరణించెను. మేటి జట్లలో ఒక్కనాడును ఆడలేకపోయెను. 2023నాటి ‘ది షో’లో ఈ చరిత్రను కథలుగా చేర్చిరి. కాన్సస్ సిటీయందలి నీగ్రో లీగుల ప్రదర్శనశాల అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ ఆ కథలను స్వయముగా చెప్పును; పిల్లలు ఆ మహానుభావుల పాత్రలు ధరించి ఆడుదురు. గిబ్సన్ కథ 2024లో చేరెను. ఆ యేడే మే నెలలో మేటి జట్ల సంఘము నీగ్రో లీగుల లెక్కలను తన అధికార పట్టికలలో కలుపుకొనగా, వేయి అవకాశములకు 372 లెక్కన గిబ్సన్ పేరు జీవితకాలపు సగటులో అందఱికంటె పైకి వచ్చెను.

ఇక్కడ పోలికకును సత్యమునకును గల భేదము స్పష్టమగును. అంతకుముందటి ఏండ్లలోను ఆ ఆట గడ్డిని, వెలుతురును, మనుష్యుల నడకను చక్కగా చూపుచునే యుండెను. కాని మైదానమునకు రానీయబడనివారిని గూర్చి అది చెప్పినది తక్కువ. పోలిక కలదు, జ్ఞాపకము లేదు. జ్ఞాపకము వచ్చి చేరిననాడు ఆ ఆట సత్యమునకు ఒక అడుగు దగ్గఱ అయినది.

మఱియొక వింత చూడుడు. 2024లో ఆ ఆటలో స్త్రీ పాత్రను ధరించి మేటి జట్లవఱకు ఎదుగు మార్గమును కల్పించిరి. 1953లో టోనీ స్టోన్ అను స్త్రీ నీగ్రో లీగులోని ఇండియానాపొలిస్ జట్టులో పురుషులతో సమముగా ఆడెను. ఆమె కథయు అందు కలదు. కాని ఆ ఆట వెలువడిననాటికి మేటి జట్లలో ఏ స్త్రీయు ఆడియుండలేదు. అనగా ఇది లోకములో లేనిది; పోలికకు విరుద్ధమైనది. ఐనను అమెరికాలోనో, ఇక్కడనో ఒక ఆడపిల్ల ఆ తెఱయెదుట కూర్చుండి తన వంటిదానిని చూచుకొన్నపుడు ఆమెకు అందునది అబద్ధము కాదు. ఉన్నదానిని చూపుట సత్యములో ఒక పాలు. ఉండవలసినదానిని చూపుట మఱియొక పాలు. రామరాజ్యము ఏ పటములోను లేదు. అందుచేత దానిని తలచుట మానితిమా?

ఇంతవఱకు పోలికనుగూర్చి చెప్పితిని. ఆ ఆటలో పోలిక కాక అచ్చముగా నిజమైనది ఒకటి కలదు, అది ధనము. ఆటగాండ్ర బొమ్మచీట్లు గల పొట్లములు అందు అమ్ముదురు. ఆడి సంపాదించిన బొమ్మనాణెములతోనైన కొనవచ్చును. అసలు ధనమిచ్చి ఆ నాణెములు కొనవచ్చును. పొట్లములో ఎవరి చీటి వచ్చునో విప్పువఱకు తెలియదు. పైగా కొన్నియేండ్లకు పాత సంచికకు ఇంటర్‌నెట్‌తో ముడిపడిన భాగములు మూతపడును. క్రొత్త సంచికలో మఱల మొదటినుండి కూర్చుకొనవలసినదే. మహాభారతమున సభాపర్వమునందే రెండు మోసములు కలవు. మయసభలో నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమసి దుర్యోధనుని బట్టలు తడిసినవి. కన్ను మోసపోయినందుకు నష్టము అంతే. ద్యూతసభలో పాచికలు దేనిని పోలియుండలేదు. అక్కడ ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్నును, ద్రౌపదిని పోగొట్టుకొనెను. కంటిని మోసగించు మాయకంటె ఆశను మోసగించు మాయ ప్రమాదకరమని వ్యాసుడు ఒకే పర్వమున చెప్పినట్లున్నది. 2022లో తమిళనాడు శాసనసభయు, 2025 ఆగస్టులో భారత పార్లమెంటును ధనము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలకు విరుద్ధముగా శాసనములు చేసినవి. బొమ్మచీట్ల పొట్లము ఆ శాసనముల గుఱి కాకపోవచ్చును. ఐనను ఇంటిలోని పెద్దలు “ఆ పాము నిజమువలె నున్నదా?” అని అడుగుటకు ముందు “ఆ రూపాయి నిజమైనదా?” అని అడుగుట మేలు.

ఈ విచారము మన బ్రతుకునకు తగులు చోటొకటి కలదు. దానిని చెప్పక విడచినచో ఈ వ్యాసమును రాజపాళయపు తెలుగువారి సంచికలో వ్రాయుటకు అర్థము లేదు. మన పూర్వులు కొన్ని శతాబ్దుల క్రిందట ఆంధ్రదేశమునుండి వచ్చి ఈ పడమటికొండల అడుగున, సంజీవికొండ నీడను, ఇండ్లు కట్టుకొనిరి. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము. అమ్మ మాట ఒకటి, బడి వ్రాత వేఱొకటి. ఆంధ్రదేశమునకు వెళ్లిన మన పిల్లలను చూచి అక్కడివారు “మీ తెలుగు వేఱుగా నున్నదే!” అనుట కద్దు. ఆ మాట విన్న పిల్లవాడు తన మాట నకిలీయని సిగ్గుపడును; ఆపైన కొందఱు చలనచిత్రములలోని పలుకుబడిని తెచ్చిపెట్టుకొందురు, కొందఱు తెలుగే మానివేయుదురు. పులిని చూచి నక్క వాత పెట్టుకొనుట మొదటి పొరపాటు. వాత లేదని అడవినే విడచిపోవుట రెండవది. ఈ రెండింటికిని మూలము, ఆ వీడియో ఆటను గూర్చి తాతయు మనుమడును పడిన పొరపాటే. పోలికయే సత్యమనుకొనుట.

మన తెలుగు విజయవాడ తెలుగును పోలియున్నదా అన్నది పోలికను గూర్చిన ప్రశ్న. ఆ తెలుగులో తల్లి బిడ్డను లాలించుచున్నదా, పెండ్లిలో వియ్యాలవారు పరిహాసమాడుచున్నారా, చావింట ఓదార్పు పలుకుచున్నారా అన్నది సత్యమును గూర్చిన ప్రశ్న. ఈ ఊరి పూసపాటి కుమారస్వామిరాజుగారు 1949 మొదలు 1952 వఱకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండి, తమిళులకును తెలుగువారికిని కూడ కొలువు చేసిరి. వారి తెలుగు ఏ మండలపు తెలుగును పోలియుండెనని ఎవరును తూచి చూడలేదు. ఇంట పలికినంతకాలము భాష సత్యము. ప్రదర్శనమునకు మాత్రమే పలికిననాడు, ఎంత చక్కగా పోలియున్నను, అది చిత్రములోని గుఱ్ఱము. దానిపై నెక్కి ఎవరును ఊరు చేరలేరు.

కావున మన పిల్లల చేతులలోని ఆ తెఱను చూచి భయపడనక్కఱలేదు, పరవశింపనక్కఱలేదు. ఒక సాయంకాలము తాత మనుమని ప్రక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఇందు ఓడినపుడు నీవేమి చేయుదువు? ఇందు ఎవరి కథ తెలిసికొంటివి? ఇందులో ఎవరు ఆడుటకు వీలులేక యుండిరి? ఇందుకు ఎంత చెల్లించితివి? ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుచు పిల్లవాడు ఆ ఆటనుండి గ్రహించునది, దానిని చేసినవారు పెట్టిన పోలికకంటె అధికముగా నుండును. ఆపైన ఆ మనుమడు తాతను వైకుంఠపాళికి పిలిచిన పిలువవచ్చును. పాము నోటబడినవాడు ఎవడైనను, అవ్వ చెప్పిన మాటయే చెప్పి, గవ్వలు చేతికిచ్చి, మఱల వేయుమనవలెను.